సరదాగా సైకిలు తొక్కేవాళ్ళు కావలెను

“ఈ భూమ్మీద అసలు సిసలైన డిటెక్టివులు ఇద్దరే పుట్టార్రా పవన్. ఒకాయన పోయాడు. రెండోవాణ్ణి నేను,” అన్నాడు కిరీటి, కంప్యూటరు ముందు కాలు మీద కాలేసుకుని.

“పోయినాయన పేరేంటి?” అడిగాడు పవనకుమార్, కీబోర్డులో ఇరుక్కున్న వేరుశనగ పొట్టు ఊదుతూ.

“ఎవరికీ తెలీదు. అంత రహస్యంగా పనిచేశాడు.”

పవన్ నెట్ సెంటరు తిరువూరు బస్టాండు వెనక సందులో ఉంది. నాలుగు కంప్యూటర్లు. ఒకటి పనిచేస్తుంది, రెండు పనిచేస్తాయని చెబుతాడు, నాలుగోది ఫ్యానుకి స్టాండు. ఎనిమిదింటికల్లా కరెంటు పోతుంది కాబట్టి ఆరున్నరకే షట్టరు ఎత్తేవాడు. షట్టరుతో పాటు కిరీటి కూడా వచ్చేవాడు. డిగ్రీలో మిగిలిపోయిన సబ్జెక్టులు వెనక నుంచి తరుముతుంటే నేరపరిశోధనలోకి పారిపోయిన మనిషి. కిందటేడు లెక్కల టీచరు సీతారావమ్మ గారి కోడి తప్పిపోతే ఊరంతా గాలించి, కోడి తనంతట తానే ఇంటికొచ్చాక, “లొంగిపోయింది” అని ప్రకటించాడు.

“రాసి పెట్టుకో. ఈ ఊళ్ళో నాకు తెలీకుండా ఒక్క సైకిలు చైను కూడా ఊడదు.”

ఫోను మోగింది. పవన్ ఎత్తాడు. అవతల కిరీటి వాళ్ళమ్మ శివపార్వతి.

“పవనూ, మావాడు అక్కడే తగలడ్డాడా? పెరట్లో వాడి సైకిలు కనబట్టం లేదయ్యా.”

పవన్ మొహంలో కండరం కదలనివ్వకుండా రిసీవరు అందించాడు. “సార్, మీకే. చైనుతో పాటు మిగతాది కూడా ఊడిందంట.”

ఇద్దరూ పరుగున వెళ్ళేసరికి సైకిలు జామచెట్టుకి ఆనించి ఉంది. చక్రాలకి తడి ఎర్రమట్టి. ఏడాది కిందట కిరీటి గాలి లేకుండా వదిలేసిన టైర్లు రాయిలా బిగిసి ఉన్నాయి.

“గాలి కొట్టి మరీ తిరిగిచ్చాడు,” కిరీటి గొంతు తగ్గించాడు. “మామూలు దొంగ కాదురా. పద్ధతి గల దొంగ.”

కిరీటి నాన్న వెంకటప్పయ్య పంపు దగ్గర కాళ్ళు కడుక్కుంటున్నాడు. ముప్పై ఎకరాల మామిడితోట, ట్రాక్టరు, ఇంటి ముందు బుల్లెట్టు ఉన్న మనిషి. కొలిమితిత్తిలా రొప్పుతున్నాడు.

“నాన్నా, ఇక్కడ అనుమానంగా ఎవరన్నా తిరిగారా?”

“నాకేం తెలుసురా, ఇప్పుడే నిద్ర లేచా,” అన్నాడాయన మాటకీ మాటకీ మధ్య ఊపిరి తీసుకుంటూ.

“సాక్షి నిద్రమత్తులో ఉన్నాడు. పనికిరాడు,” అని కిరీటి సైకిలు బెల్లు మీద దొంగ వేలిముద్రలు దొరుకుతాయేమోనని తన వేళ్ళతోనే తడిమాడు.

వెంకటప్పయ్య పంచె అంచుకి నల్లటి గ్రీసు మరక ఉంది. డిటెక్టివు చూడలేదు. పవన్ చూశాడు గానీ ట్రాక్టరుదేమో అనుకున్నాడు. ఆ సమయంలో పవన్ బుర్రలో వేరే సైకిళ్ళు తిరుగుతున్నాయి. అవి ఈ లోకంలో లేని సైకిళ్ళు.

వాటి సంగతి ఇదీ.

పవన్ వాళ్ళ వెనక వీధిలో శర్వాణి అనే అమ్మాయి ఉంది. విశాఖపట్నంలో ఎమ్మే సైకాలజీ చదువుతోంది. ఆటలాడేవాళ్ళ మనసు మీద ప్రాజెక్టు చెయ్యాలి. సెలవలకి వచ్చి, రోజూ పవన్ సెంటర్లో ఆ పనిచేసే ఒక్క కంప్యూటరు ముందు కూర్చునేది.

“పోటీలకెళ్ళే సైకిలిస్టుల మీద చాలామంది రాశారండి,” అని చెప్పింది మొదటిరోజు. “నాకు మామూలువాళ్ళు కావాలి. పతకం లేదు, జీతం లేదు, అయినా తొక్కుతారు చూశారా, వాళ్ళు. ఒళ్ళు అలిసిపోయినప్పుడు వాళ్ళ మనసు వాళ్ళతో ఏం మాట్లాడుతుందో తెలుసుకోవాలి.”

ఆర్కుట్‌లో మన ఊరివాళ్ళ గుంపు ఒకటుంటే అందులో ప్రకటన పెట్టింది: ‘సరదాగా సైకిలు తొక్కేవాళ్ళు కావలెను. జీతం ఉండదు. పోటీలకెళ్ళేవాళ్ళు వద్దు. మీ మనసులో మాట చెబితే చాలు. మీ పేరు ఎట్టి పరిస్థితిలోనూ బయటికి రాదు. మధ్యలో ఎప్పుడైనా మానుకోవచ్చు.’

జవాబులు రాకపోలేదు. ‘అమ్మా, మాది రెండు బళ్ళున్న ఇల్లు. మేం మీకు ఎలా కనిపిస్తున్నాం?’ అని ఒకాయన. ‘సైకిలు దశ దాటి పదేళ్ళయింది, దేవుడి దయ వల్ల’ అని ఇంకొకాయన. ‘మా పాలవాడు తొక్కుతాడు, పంపించమంటారా’ అని ఒక ఇల్లాలు. పాలవాడు పని కోసం తొక్కుతాడు, పనికిరాడు. తిరువూరులో సైకిలున్నవాడికి సరదా లేదు, సరదా ఉన్నవాడికి మోటారు బండి ఉంది.

వారం గడిచింది. శర్వాణి తెర వంక చూస్తూ కళ్ళు తుడుచుకోవడం పవన్ చూశాడు. ఆ సాయంత్రం ఆమె వెళ్ళాక ఆర్కుట్‌లో ఏడుకొండలు అనే మనిషి పుట్టాడు. వినగడప వాస్తవ్యుడు, రోజూ తెల్లారకుండా ఎ.కొండూరు దాకా తొక్కుతాడు, రోడ్డులో ఎత్తు వస్తే ఏడుస్తాడు. మర్నాడు శర్వాణి మొహం చూసి పవన్‌కి చెయ్యి ఆగలేదు. అంకారావు పుట్టాడు. అయిదుగురు కావాలంది కాబట్టి అయిదుగురూ పుట్టారు. పవన్ ఊళ్ళో పేరుమోసిన తుంటరి. అబద్ధాన్ని ఇస్త్రీ చేసి మడతపెట్టి అందించగలడు. ఒక్కటే చిక్కు. అతనికి సైకిలు తొక్కడం రాదు.

“ఏడుకొండలు గారు ఒక అద్భుతం చెప్పారండి,” అంది శర్వాణి ఒకరోజు. “ఎత్తు రాగానే రెండు బ్రేకులూ గట్టిగా పట్టుకుని తొక్కుతారట. పట్టు కోసమట. ఎత్తులో బ్రేకు ఎవరైనా పడతారా? మా గైడు గారికి మెయిలు పెడితే ఆయన పొంగిపోయారు. కష్టాన్ని కోరి రెట్టింపు చేసుకునే మనస్తత్వం, దీనికొక పేరు పెట్టాలన్నారు.”

“పెట్టాల్సిందేనండి,” అన్నాడు పవన్. బ్రేకు ఎత్తులో పట్టేది కాదని అతనికి అప్పుడే తెలిసింది.

“అందుకే అయిదుగుర్నీ ఆదివారం పొద్దున్నే గంపలగూడెం రోడ్డులో మామిడితోటల ఎత్తు దగ్గరికి రమ్మని రాశాను. తొక్కుతుంటే కళ్ళారా చూసి, మాట్లాడి, సోమవారం బస్సెక్కాలి. వీళ్ళు లేకపోతే నా ప్రాజెక్టు లేదండి. ఏడాది పోతుంది. ఒక ఏడాది పోతే చాలు, ఇక చదువు మానిపించడానికి మా నాన్న కాచుకుని ఉన్నారు.” ఒక్క క్షణం ఆగింది. “వస్తారంటారా పవన్ గారూ?”

“ఎందుకు రారండీ?” అన్నాడు అయిదుగురినీ పుట్టించినవాడు. ఆ రాత్రి అతనికి అన్నం సయించలేదు.

నిజం చెప్పడం అనే ఉపాయం కూడా పవన్‌కి తట్టింది. దాన్ని ఆఖరికి ఉంచుకున్నాడు. ఈలోగా ఇవాళ జామచెట్టు దగ్గర సైకిలు బెల్లు తడుముతున్న కిరీటిని చూస్తుంటే బంగారం లాంటి ఆలోచన వచ్చింది. ఆదివారం అక్కడ కిరీటి నానా గొడవ చేస్తే, సైకిలిస్టులు బెదిరిపోయి రాలేదని చెప్పొచ్చు. అప్పుడు వాళ్ళు రాకపోవడం వాళ్ళ తప్పు కాదు, తన తప్పు అంతకన్నా కాదు. ఫోన్లోనే మాట్లాడతామన్నారని చెప్పి, అయిదు గొంతుల్తో తనే మాట్లాడొచ్చు.

ప్రకటన ప్రింటు తీసి కిరీటి చేతిలో పెట్టాడు. “నీ సైకిలు పోవడానికీ దీనికీ సంబంధం లేదులే. నువ్వు చదవకపోవడమే మంచిది.”

కిరీటి చదివాడు. మళ్ళీ చదివాడు. కళ్ళు చింతగింజలయ్యాయి.

“జీతం ఉండదు. అంటే?”

“అంటే ఉండదని.”

“అమాయకుడివిరా. అంటే వాటా ఉంటుందని. పేరు ఎట్టి పరిస్థితిలోనూ బయటికి రాదు. ఎందుకు రాదు? మంచిపని చేసేవాడి పేరు ఫ్లెక్సీ మీదే ఉంటుంది గదా! మనసులో మాట చెప్పాలి. అంటే వశీకరణం. మధ్యలో ఎప్పుడైనా మానుకోవచ్చు...” కిరీటి గుటకేశాడు. “ఇప్పటిదాకా మానుకున్నవాళ్ళు ఏమయ్యార్రా?”

“నాకు భయమేస్తోంది కిరీటీ,” అన్నాడు పవన్ చాలా నిజాయితీగా.

“సైకిళ్ళు కాజేసి, మనుషుల్ని లాగేసే ముఠా. నా సైకిలు మీద శిక్షణ ఇచ్చి తిరిగి పెట్టేశారు. ఎప్పుడు కలుస్తున్నారు?”

“ఆదివారం తెల్లారేసరికి, మామిడితోటల ఎత్తు దగ్గర. నువ్వు మాత్రం వెళ్ళకు. అరవకు. కర్ర ఊపుతూ రోడ్డు మీదికి దూకకు.”

“అవన్నీ చేస్తా,” అన్నాడు కిరీటి.

ఆదివారం. మంచు పాలమీగడలా రోడ్డు మీద పరుచుకుంది. పవన్, శర్వాణి షేర్ ఆటో దిగి ఎత్తు పైన నిలబడ్డారు. ఒక పక్క మామిడితోట, రెండో పక్క మొక్కజొన్న చేను. చేలో దిష్టిబొమ్మ. దాని తల కుండ. వేళ్ళాడుతున్న చొక్కా, పంచె వెంకటప్పయ్యవి. కాళ్ళకి తెల్లటి స్పోర్ట్స్ బూట్లు. ఒక కాకి కుండ మీద కూర్చుని ముక్కుతో పొడుస్తోంది. కుండ లోపల్నుంచి “ఛీ, ఛీ” అని సన్నగా వినిపించింది.

“ఆ బొమ్మ మాట్లాడిందాండీ?” అంది శర్వాణి.

“ఈ పక్క గాలి అలాగే వీస్తుందండి,” అన్నాడు పవన్. మనసులో మాత్రం, ‘ఇక అరవరా, రోడ్డు మీదికి రారా’ అని కిరీటిని బతిమాలుకుంటున్నాడు. కిరీటి మాత్రం ముఠా వస్తేగానీ కదలనని పంతం పట్టిన బొమ్మలా నిలబడ్డాడు.

శర్వాణి చలికి చేతులు రుద్దుకుంటూ రోడ్డు చివరికి చూస్తోంది. “రారేమోనండి,” అంది. పవన్ ఇక ఆ గొంతు వినలేకపోయాడు. సరే, ఆఖరికి ఉంచుకున్న ఉపాయం తీయక తప్పదనుకున్నాడు.

“శర్వాణి గారూ, మీకో విషయం—”

మంచులో బెల్లు మోగింది.

కింద నుంచి సైకిలు వస్తోంది. దాని వెనక ఇంకొకటి. ఇంకొకటి. తలకీ మొహానికీ తువాళ్ళు చుట్టుకుని, కళ్ళు మాత్రం కనిపిస్తున్న ఆకారాలు. అయిదుగురు. సరిగ్గా అయిదుగురు.

పవన్ ఒళ్ళు జల్లుమంది. వాళ్ళని పుట్టించింది తనే. వాళ్ళకి ఊళ్ళు ఇచ్చింది, ఏడుపు ఇచ్చింది తనే. చేసిన మనుషులు లేచి నడిచి వస్తుంటే బ్రహ్మదేవుడికైనా చెమట పట్టదా?

“వచ్చారు! ఆ ఏడ్చుకుంటూ వచ్చేది ఏడుకొండలు గారే అయ్యుంటారు!” శర్వాణి చప్పట్లు కొట్టింది.

“ఏడుకొండలు లేడండీ,” అన్నాడు పవన్. ఆమె వినిపించుకోలేదు.

ఇక చరిత్రలో నిలిచిపోవాల్సిన ఘట్టం. డిటెక్టివు కిరీటి శత్రువు మీదికి లంఘించాడు. అయితే ధైర్యం వల్ల కాదు. చొక్కాలో కుక్కుకున్న గడ్డిలో గండుచీమల కాపురం ఒకటుంది. అవి అప్పటిదాకా మర్యాదగా పైపైన తిరిగి, సరిగ్గా ఆ క్షణాన పంచెలోకి దిగాయి. “చచ్చాన్రోయ్!” అని కేక పెట్టి, దిష్టిబొమ్మ చేలోంచి ఎగిరి రోడ్డు నడిమధ్య పడి, కుండతల ఊపుతూ, చొక్కా చింపుకుంటూ, ఏ దేవుడూ పూనని విధంగా ఆడింది.

ముందు సైకిలు కొట్టిన బ్రేకుకి వెనక సైకిలు గుద్దింది. దాన్ని మూడోది, మూడోదాన్ని నాలుగోది. అయిదోది వాటన్నిటినీ తప్పించుకుని నేరుగా దిష్టిబొమ్మ కడుపులో దూరింది. కుండ పగిలింది. ఒక సైకిలు ఎవరూ లేకుండానే ఎత్తు దిగి వెళ్ళిపోయి కాలవ పక్క ఆగింది. తువాళ్ళు చెల్లాచెదురయ్యాయి.

“కదలకండి! చుట్టుముట్టేశాం!” అన్నాడు కిరీటి కుండపెంకుల మధ్య వెల్లకిలా పడి. ఛాతీ మీదున్న చక్రం పక్కకి తోసి చూశాడు. “నాన్నా?”

“నువ్వట్రా, వెధవా! నా చొక్కాతో నా మీదికే దూకుతావట్రా!” అన్నాడు వెంకటప్పయ్య నడుం పట్టుకుని.

“నా సైకిలు తీసింది నువ్వా?”

“కొన్నది నేనేగా!”

మిగతా తువాళ్ళ కింద నుంచి రైసుమిల్లు వీరరాఘవయ్య, రిటైర్డ్ తాసిల్దారు జగన్నాథరావు, మనవరాలి గులాబీరంగు సైకిలుతో సీతారావమ్మ టీచరు బయటపడ్డారు. అయిదో తువాలు లేచింది. పంచె మోకాళ్ళ పైకి ఎగ్గట్టి, విభూతి చెదిరి, సైకిలు హ్యాండిలు వదలకుండా ఉన్నాడు గుళ్ళో అర్చకుడు శేషాచలం. సాక్షాత్తూ పవన్ తండ్రి.

“నాన్నగారూ! మీరు ఈ వేళప్పుడు అభిషేకానికి నీళ్ళు తెస్తారు కదా?” అన్నాడు పవన్.

“తెచ్చే వచ్చాన్రా,” అన్నాడాయన చూపు పక్కకి తిప్పుకుని.

శర్వాణి దగ్గరికి పరిగెత్తింది. “టీచర్, మీరా! మీరంతా రోజూ వస్తారా? ఇలా దొంగచాటుగా ఎందుకు?”

వెంకటప్పయ్య బట్టలు దులుపుకున్నాడు. “పట్టపగలు తొక్కమంటావా తల్లీ? బుల్లెట్టున్న మనిషి సైకిలెక్కాడంటే మజ్జానానికల్లా నా పని అయిపోయిందంటారు. సాయంత్రానికి తోట బేరానికి జనం దిగుతారు.”

“నేనైతే మిల్లు మూసేశాననే పుట్టిస్తారు,” అన్నాడు వీరరాఘవయ్య.

“సైకిలు పందేలు వేసే పంతులు చేత ఎవరమ్మా పూజలు చేయించుకునేది?” అన్నాడు శేషాచలం.

“నాకైతే డాక్టరు చెప్పాడు,” అన్నాడు జగన్నాథరావు గంభీరంగా.

“డాక్టరు నడవమన్నాడండీ,” అంది సీతారావమ్మ. “మీరు తొక్కేది నన్ను దాటాలని. ఇంతవరకూ దాటింది లేదు.”

శర్వాణి ఆత్రంగా అడిగింది. “మరి అలిసిపోయినప్పుడు, ఇక చాలు అనిపించినప్పుడు, మీ మనసు మీతో ఏమంటుంది?”

అయిదుగురూ ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. ఊళ్ళో వాళ్ళని ఆ ప్రశ్న అడిగినవాళ్ళు లేరు.

“ముందు పోయేది పంతులుగారు, దాటెయ్ అంటది,” అన్నాడు వెంకటప్పయ్య.

“వెనక వస్తున్నది వెంకటప్పయ్య గారు, దాటనివ్వకు అంటుందమ్మా,” అన్నాడు శేషాచలం.

సీతారావమ్మ గులాబీరంగు సైకిలు హ్యాండిలు నిమిరింది. “నాకు చిన్నప్పుడు మా అన్నయ్య సైకిలు ముట్టుకోనిచ్చేవాడు కాదే. ఇప్పుడు అడిగేవాళ్ళెవరు, తొక్కవే అంటుంది.”

శర్వాణి కళ్ళల్లో నీళ్ళు నిలిచాయి. ప్రాజెక్టు సంగతి చెప్పింది. మీరంతా పుస్తకంలోకి ఎక్కుతారు అనగానే అయిదుగురూ నాలుగడుగులు వెనక్కి వేశారు.

“మీ పేర్లు ఎట్టి పరిస్థితిలోనూ బయటికి రావండి,” అంది శర్వాణి. “అంకెలే ఉంటాయి. మధ్యలో ఎప్పుడైనా మానుకోవచ్చు కూడా.”

“మరి ముందే చెప్పవేం తల్లీ!” అని వీరరాఘవయ్య అందరికంటే ముందు సైకిలు నిలబెట్టాడు. “ఆ మాటంటే ఊరంతా వచ్చుండేది.”

“కేసు క్లోజ్డ్!” అన్నాడు కిరీటి ఒళ్ళు గోక్కుంటూ. “అపహరణకి గురైన సైకిలు దొరికింది. ముఠా మొత్తం పట్టుబడింది. నేను మొదట్నుంచీ అనుకున్నదే.”

“చక్రం వంకర నువ్వే తీయించు,” అన్నాడు తండ్రి.

అంతా అక్కడితో అయిపోతే పవన్ ఇప్పటికీ పెద్దమనిషే. కానీ శర్వాణికి ఇంకో సందేహం మిగిలింది.

“ఇంతకీ మీలో ఏడుకొండలు గారెవరు? ఎత్తులో బ్రేకు పట్టేదెవరు?”

“ఎత్తులో బ్రేకా?” వీరరాఘవయ్య నవ్వు ఆపుకోలేకపోయాడు. “వాడెవడో జన్మలో సైకిలెక్కలేదమ్మా.”

“మాకు కంప్యూటర్లు ఎక్కడివే?” అంది సీతారావమ్మ.

“అయితే ఎవరో మారుపేరుతో రాశారు,” కిరీటి కళ్ళు మళ్ళీ చింతగింజలయ్యాయి. అందరి చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, జగన్నాథరావు ముందు ఆగాడు. “తాసిల్దారు గారూ! ఏడుకొండలు మీరే! మీ ఎడమ మీసం ఒప్పుకుంటోంది.”

“వీణ్ణి మళ్ళీ కుండలో పెట్టండయ్యా,” అన్నాడు జగన్నాథరావు.

“ముందు మీరంతా తొక్కి చూపించండి,” అంది శర్వాణి నవ్వుతూ. “పవన్ గారూ, కాలవ దగ్గర పడిన ఆ సైకిలు కాస్త పైకి తీసుకొస్తారా?”

సంతోషంగా దిగాడు పవన్. బయటపడ్డానన్న సంబరంలో ఒళ్ళు తెలీలేదు. సైకిలు లేపాడు. హ్యాండిలు రెండు చేతులా పట్టుకున్నాడు. ఎత్తు మొదలయింది. జారిపోకుండా రెండు బ్రేకులూ గట్టిగా బిగించి నెట్టాడు. చక్రాలు తిరగలేదు. ఇంకా గట్టిగా బిగించి ఇంకా గట్టిగా నెట్టాడు. రోడ్డు మీద రెండు టైర్ల చారలు గీసుకుంటూ, చెమటలు కక్కుతూ, అడుగు తర్వాత అడుగు వేస్తుంటే పైన మాటలు ఆగిపోయిన సంగతి గమనించలేదు.

తలెత్తి చూశాడు. అందరూ తననే చూస్తున్నారు. కిరీటి ఒక్కడే ఇంకా జగన్నాథరావు మీసం చూస్తున్నాడు.

శర్వాణి రెండడుగులు ముందుకొచ్చింది. నవ్వడం లేదు. కోప్పడటమూ లేదు.

“ఏడుకొండలు గారూ,” అంది. “బ్రేకు వదలండి.”

పవన్ వదిలాడు. సైకిలు వెనక్కి జారి మోకాలికి కొట్టుకుంది.

“అంకారావు కూడా మీరేనా?”

“అయిదుగురూ నేనేనండి,” అన్నాడు మోకాలు పట్టుకుని. ఈసారి మొహం మామూలుగా పెట్టడం చేతకాలేదు. “మీరు ఆ రోజు ఏడుస్తుంటే చూడలేక ఒకణ్ణి పుట్టించాను. తర్వాత వాళ్ళు వాళ్ళంతట వాళ్ళే పుట్టుకొచ్చారు. నాకు సైకిలు రాదు. ఇవాళ వీళ్ళు రాకపోతే మీ చదువు నా మూలంగా పోయేది. ఆ దిష్టిబొమ్మని పెట్టించింది కూడా నేనే.”

“నువ్వట్రా!” అన్నాడు కిరీటి తిరిగి చూసి.

“మా గైడు గారు దానికి పేరు కూడా పెట్టేశారు,” అంది శర్వాణి నెమ్మదిగా. “ఆయనకి మీరే రాసి చెప్పాలి. మీ పేరుతో.”

“రాస్తానండి. అంతా అబద్ధమని రాస్తాను. కానీ ఒక్కటి మాత్రం కాదండి. ఎత్తులో ఏడవడం నిజమే. ఏడో క్లాసులో, ఈ ఎత్తులోనే. మా నాన్నగారు వెనక క్యారేజీ పట్టుకుంటానని చెప్పి, మధ్యలో వదిలేశారు. పడ్డాను. మళ్ళీ ఎక్కలేదు.”

శేషాచలం ఎగ్గట్టిన పంచె కిందికి దించుకుని కొడుకు వంక చూశాడు.

“నేను వదల్లేదురా,” అన్నాడు. “నువ్వు బ్రేకు పట్టావు.”